టీకా వేసిన రెండో వారంలో వచ్చే దద్దుర్ల గురించి శ్రీకాకుళం జిల్లా వైద్య ఆరోగ్యశాఖకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి గారికి, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి గారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులందరికీ,

నమస్కారములు.

ఈ జిల్లాలో ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. పసిపిల్లలకు టీకాలు వెయ్యడం, వేయించడం, వేసినవాటిని రిజిస్టర్లకు ఎక్కించడం, ఎక్కించినవి సరిచూడడం, ఇదే నా ఉద్యోగ జీవితంలో ముప్పాతిక భాగం. టీకాల మీద నాకు ఎటువంటి అనుమానమూ లేదు. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైన నాటి ఇళ్ళనూ, ఇవాళ్టి ఇళ్ళనూ పక్కపక్కన చూసినవారెవరికైనా ఆ అనుమానం రాదు. ఈ లేఖ టీకాలు వద్దనడానికి కాదు, వేయించుకోవడానికి వెనకాడేవాళ్ళకు ఊతమివ్వడానికి అంతకన్నా కాదు. తొమ్మిదో నెలలో వేసే తట్టు (మీజిల్స్) టీకా తర్వాత కొందరు పిల్లల ఒంటిమీద కనిపించే దద్దుర్లను మనం ముందుగా చెప్పకపోవడం వల్ల, వచ్చాక చూడకపోవడం వల్ల, చూసినా రాయకపోవడం వల్ల రెండో డోసు దగ్గర ఎంతమందిని పోగొట్టుకుంటున్నామో మీ దృష్టికి తేవడానికి రాస్తున్నాను.

మన జిల్లాలో బుధవారమో శనివారమో తల్లి బిడ్డనెత్తుకుని అంగన్‌వాడీకో, సచివాలయం పక్కనున్న విలేజ్ క్లినిక్‌కో వస్తుంది. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు ఆ ఒక్క పూటలోనే తట్టు, రుబెల్లాలకు కలిపి ఎంఆర్ టీకా, న్యుమోనియా టీకా బూస్టరు, పోలియో సూది మూడో డోసు, విటమిన్ ఎ మందు పడతాయి. అరగంట కూర్చోబెడతాం. ఏమీ కాకపోతే పంపించేస్తాం. ఆ అరగంట చాలా అవసరమైనదే, దాన్ని ఎవరూ తగ్గించరాదు. అయితే ఎంఆర్ టీకా వల్ల వచ్చే దద్దుర్లు ఆ అరగంటలో రావు, ఆ రాత్రి రావు, మర్నాడూ రావు. ఏడో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య వస్తాయి. అప్పటికి ఏఎన్‌ఎం ఇంకో ఊరి డ్యూ లిస్టు (టీకా పడవలసిన పిల్లల పట్టిక) మీద ఉంటుంది, ఆశా కార్యకర్త గర్భిణుల వెంట తిరుగుతూ ఉంటుంది, బిడ్డ వేలికి సిరా ఆరినట్టే టీకా సంగతి కూడా అందరి మనసుల్లోనూ ఆరిపోయి ఉంటుంది. తల్లి ఒక్కతే ఆ ఒంటిని చూసి భయపడుతుంది.

ఆలస్యంగా రావడానికి కారణం తెలిసినదే. ఎంఆర్ టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. అది బిడ్డ ఒంట్లో కొద్దిగా పెరగాలి, పెరిగినదాన్ని శరీరం గుర్తుపట్టాలి, ఎదుర్కోవాలి. ఆ ఎదుర్కోవడంలో భాగంగానే కొందరికి జ్వరం వస్తుంది, కొందరికి చిన్నచిన్న మచ్చల్లాంటి దద్దుర్లు లేస్తాయి. ఈ దద్దుర్లు నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా పిల్లల్లో కనబడతాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అంటే అరుదని కొట్టిపారేసేంత అరుదు కాదు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఏడాదికి ఎంతమంది పిల్లలకు మొదటి డోసు పడుతుందో వైద్యాధికారులకు తెలుసు కనుక, అందులో ఎన్ని ఇళ్ళలో ఈ దద్దుర్లు కనిపించి ఉండాలో లెక్క వేసుకుని, ఆ సంఖ్యను తమ కేంద్రం నుంచి నెలనెలా వెళ్ళే నివేదికలో దద్దుర్ల దగ్గర రాసిన అంకె పక్కన పెట్టి చూడవలసిందిగా కోరుతున్నాను. ఆ అంకె చాలాచోట్ల సున్నా అయి ఉంటుందని నేను అనుకుంటున్నాను. నేను సంతకం పెట్టిన నివేదికలు ఎలా ఉండేవో నాకు గుర్తుంది.

ఈ దద్దుర్లు ఒకటి నుంచి మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. బిడ్డ పాలు తాగుతుంది, ఆడుకుంటుంది. వాటి నుంచి పక్క పిల్లలకు తట్టు అంటుకోదు. జ్వరం ఉంటే బరువును బట్టి పారాసెటమాల్ సరిపోతుంది. ఇంత మాత్రం సమాచారం ముందే చెవిన పడితే తల్లి ఆ మూడు రోజులూ నిబ్బరంగా గడుపుతుంది. చెవిన పడకపోతే ఏమవుతుందో మన ఊళ్ళు తెలిసిన మీకు నేను చెప్పనక్కరలేదు, అయినా చెబుతాను. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపాకు కడతారు, ఇంట్లో తాలింపు మానేస్తారు. ఇందులో బిడ్డకు కీడేమీ లేదు, ఆ ఆచారాన్ని వెటకారం చేసే చదువుకున్నవాళ్ళతో నాకు పేచీ ఉంది కూడా. కానీ కొన్ని ఇళ్ళలో పథ్యం పేరుతో బిడ్డ తిండి కూడా తగ్గించేస్తారు. అది కీడు. మరికొందరు పక్క వీధిలోని గ్రామీణ వైద్యుడి దగ్గరకు వెళ్తారు. ఆయన అలర్జీ సూది ఒకటి, దానితోపాటు స్టెరాయిడ్ సూది ఒకటి పొడుస్తాడు. మూడు రోజుల్లో దానంతటదే పోయేది మూడు రోజుల్లో పోతుంది, పేరు ఆయన సూదికి వస్తుంది. నిజంగా తట్టే అయిన పక్షంలో, ఆ స్టెరాయిడ్ బిడ్డ నిరోధక శక్తిని అణచి పరిస్థితిని ముదరబెట్టవచ్చు.

అసలు నష్టం ఆ తర్వాత ఏడు నెలలకు మొదలవుతుంది. రెండో డోసుకు రమ్మని ఆశా వెళ్ళేసరికి, సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో ఒక నాయనమ్మ నాతో అన్న మాటే వినిపిస్తుంది: "సూదేసి పది రోజులు తిరక్కముందే గుంటకి ఒళ్ళంతా పేలిపోనాది. మళ్ళీ ఏయించమంటే ఎలాగమ్మా, మీ పిల్లైతే ఏయిస్తారా?" ఆమె ప్రశ్నలో మొండితనం లేదు. తన కళ్ళతో చూసినదాన్ని పట్టుకుని అడిగింది. ఏ కేంద్రమో, ఏ సిబ్బందో ఇక్కడ రాయను. ఆ బిడ్డకు వచ్చినవి ఎన్నో రోజున వచ్చాయో, ఎలా ఉన్నాయో, ఎన్నాళ్ళు ఉన్నాయో కార్డులో గానీ రిజిస్టరులో గానీ ఒక్క ముక్క లేదు. అందుకే "మళ్ళీ వేయించవచ్చు" అని ధైర్యంగా చెప్పగలిగిన ఆధారం వైద్యాధికారి చేతిలో కూడా లేకపోయింది.

తొమ్మిది నెలలప్పుడు వేసిన ఒక్క డోసు వంద మందిలో సుమారు 85 మందికే తట్టు నుంచి రక్షణ ఇస్తుంది. మిగిలినవారిని కాపాడవలసింది 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో డోసు. తట్టు ఎంత వేగంగా అంటుకుంటుందంటే ఊళ్ళో నూటికి 95 మందికి రెండు డోసులూ పడితే తప్ప అది ఆగదు. 2023లో ప్రపంచం మొత్తం మీద తట్టుతో చనిపోయినవారు లక్ష దాటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది, వారిలో అత్యధికులు అయిదేళ్ళలోపు పిల్లలు. ఒక మూడు రోజుల దద్దురు గురించి చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పకపోవడం వల్ల ఒక బిడ్డ ఆ 95 మందిలోంచి జారిపోవడం నాకు సమ్మతం కాదు.

చెప్పవలసిన మాటలు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. టీకా వేశాక తల్లికి నాలుగు సంగతులు చెప్పి పంపాలని మన శిక్షణ పుస్తకాల్లోనే ఉంది: ఒకటి, వేసింది ఏ టీకా, అది ఏ జబ్బును ఆపుతుంది; రెండు, ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; మూడు, మళ్ళీ ఎప్పుడు రావాలి; నాలుగు, కార్డు జాగ్రత్తగా దాచుకుని మళ్ళీ తీసుకురావాలి. వీటిలో మొదటిది, మూడోది, నాలుగోది ఎలాగోలా చెబుతున్నారు. రెండోది "జ్వరమొస్తే ఈ మాత్ర అరముక్క వెయ్యండి" అన్న ఒక్క ముక్కకు కుదించుకుపోయింది. దద్దుర్ల మాట ఎత్తితే తల్లులు భయపడి లేచిపోతారని సిబ్బందిలో ఒక బలమైన నమ్మకం ఉంది. నా అనుభవం ఇందుకు విరుద్ధంగా ఉంది. ముందు చెప్పినది జరిగితే తల్లికి నర్సమ్మ మీద గురి కుదురుతుంది. చెప్పనిది జరిగితే ఆ తర్వాత నర్సమ్మ చెప్పే ఏ మాటా ఆమెకు పట్టదు. క్షయ రాకుండా వేసే బీసీజీ సంగతే చూడండి. భుజం మీద మొదట పొక్కు లేచి, తర్వాత చిన్న పుండై, నెలా రెండు నెలల మీదట మచ్చ కడుతుందని మనం తరతరాలుగా చెబుతూ వచ్చాం గనుక, ఇవాళ ఆ పుండును చూసి పరిగెత్తే తల్లి లేదు. పైగా పొక్కు లేవకపోతేనే టీకా పట్టలేదేమోనని అడుగుతారు. ఎంఆర్ దద్దుర్లకు ఆ పరిచయం మనం ఇంకా కల్పించలేదు.

ఇక అన్ని దద్దుర్లూ ఒకటి కావు. ఈ తేడా ఆశా కార్యకర్త స్థాయి వరకు స్పష్టంగా అందవలసి ఉంది, ఎందుకంటే ఒకదానికి ధైర్యం చెప్పాలి, ఒకదానికి 108 పిలవాలి. టీకా వేసిన నిమిషాల్లో గాని, కొద్ది గంటల్లో గాని ఉబ్బెత్తుగా, విపరీతమైన దురదతో, ఇక్కడ తగ్గి అక్కడ లేచే దద్దుర్లు అలర్జీకి సంబంధించినవి. టీకాలో ఉండే జెలటిన్ వంటి పదార్థాలకో, నియోమైసిన్ జాడలకో కొందరి శరీరం అలా స్పందిస్తుంది. అవి ఒంటిమీద వరకే ఉంటే అలర్జీ మందుతో తగ్గుతాయి, అయినా వైద్యాధికారి చూడాలి. వాటితోపాటు పెదవులో కళ్ళో ఉబ్బడం, గొంతు మారడం, ఊపిరికి ఎగపోయడం, ఆగని వాంతులు, బిడ్డ సొమ్మసిల్లి వేలాడిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతకమైన అలర్జీ. ఇది పది లక్షల డోసులకు ఒకటి రెండు చోట్ల మాత్రమే వచ్చేది, కానీ వచ్చినప్పుడు నిమిషాలే ఉంటాయి. బిడ్డ తొడ బయటి వైపు కండరంలోకి వయసుకు తగిన అడ్రినలిన్ మొదటి మోతాదు వేసి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపే అధికారం ఏఎన్‌ఎంకు ఉంది. ఆ అధికారం ఉందని తెలిసినవారు ఎందరు, తెలిసి చెయ్యి వణకకుండా వేయగలిగినవారు ఎందరు, కిట్టులోని అడ్రినలిన్ ఆంప్యూల్ గడువు తేదీ ఈ నెలలో ఎవరైనా చూశారా అన్నవి మీ సమీక్షల్లో అడగవలసిన ప్రశ్నలు. అలర్జీ మందూ స్టెరాయిడూ అడ్రినలిన్‌కు బదులు కావు. ఒంటిమీద ఒక్క దద్దురూ లేకుండా కూడా అనాఫిలాక్సిస్ రావచ్చు. ఈ మాటను సిబ్బందికి ప్రత్యేకంగా చెప్పాలి, దద్దుర్లు లేవు కదా అని ఆగిపోకుండా.

మరో రకం ఉంది. ఎంఆర్ టీకా వేసిన ఆరు వారాల లోపు ఒంటిమీద, ముఖ్యంగా కాళ్ళ మీద, సూదితో గుచ్చినట్టు ఎర్రని లేక ఊదారంగు చుక్కలు వచ్చి, గాజు గ్లాసు ఆనించి నొక్కినా మాయం కాకుండా నిలిచి ఉంటే, లేదా దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపిస్తే, ప్లేట్‌లెట్లు తగ్గాయేమో చూడాలి. ఇది 30 వేల నుంచి 40 వేల డోసులకు ఒకటిగా లెక్కకట్టిన స్పందన, చాలామంది పిల్లల్లో తిరిగి సర్దుకుంటుంది, అసలు తట్టు, రుబెల్లాలు వచ్చినప్పుడు ఇదే ప్రమాదం ఇంకా ఎక్కువగా ఉంటుంది. అయినా ఆ చుక్కలు డెంగీకీ వస్తాయి, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి రక్తంలో చేరినప్పుడూ వస్తాయి కనుక వాటిని "సూది వేడి" అని ఇంట్లో ఉంచకూడదు. అదే రోజు రక్త పరీక్ష కావాలి. నోట్లోనో కళ్ళలోనో పుళ్ళు లేచి చర్మం పొరలుగా ఊడే స్థితి టీకాల వల్ల రావడం అత్యంత అరుదు, ఎక్కువగా మూర్ఛ మందులో సల్ఫా మందులో కారణమవుతాయి. కారణం ఏదైనా ఆ బిడ్డను ఊళ్ళో ఒక్క పూట కూడా ఆపరాదు.

వీటన్నిటికన్నా ఎక్కువగా కనబడేవి టీకాతో సంబంధమే లేనివి. చెమటకాయలు, దోమకాట్లు, గజ్జి, మామూలు వైరస్ జ్వరాల దద్దుర్లు, దగ్గుకో విరేచనాలకో ఇచ్చిన మందు పడకపోవడం. పైగా తొమ్మిది నెలలంటే బిడ్డకు గుడ్డు, చేప, వేరుశనగ రుచి చూపించే వయసు. అందులో ఏదో పడకపోయి దద్దుర్లు లేస్తే కూడా నింద పోయిన వారం వేసిన సూది మీదకే వెళ్తుంది. గుడ్డు పడని పిల్లలకు ఎంఆర్ వేయకూడదన్న మాట కూడా ఊళ్ళలో తిరుగుతోంది. అది నిజం కాదు. గుడ్డు అలర్జీ ఎంఆర్‌కు అడ్డంకి కాదని స్పష్టమైన మార్గదర్శకాలు ఉన్నాయి, మన దేశంలో వాడే టీకాలోని తట్టు వైరస్‌ను కోడి పిండ కణాల మీద కాక మనిషి కణాల మీద పెంచుతారు కూడా.

ఒక విషయంలో నా మాటను తప్పుగా తీసుకోవద్దని కోరుతున్నాను. రెండో వారంలో వచ్చిన దద్దురు కనుక టీకాదేనని చూడకుండా తేల్చేయమని నేను అనడం లేదు. ఊళ్ళో తట్టు తిరుగుతున్నప్పుడు, బిడ్డకు అప్పటికే వైరస్ సోకి ఉండగా టీకా వేసి ఉండవచ్చు. మూడు నాలుగు రోజుల ముందు నుంచి ఎక్కువ జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం ఉండి, చెవుల వెనుక నుంచి మొదలై ముఖం, ఛాతీ, కాళ్ళ మీదకు దిగుతూ దద్దుర్లు వచ్చి, బిడ్డ నలిగిపోతుంటే అది తట్టే అన్న అనుమానంతో చూడాలి. జ్వరంతో దద్దుర్లు ఉన్న ప్రతి బిడ్డనూ నమోదు చేసి రక్తం పంపాలన్న నియమం ఉన్నదే. అందులో ఒక చిక్కుంది: టీకా వల్ల వచ్చిన దద్దుర్లలో కూడా రక్తంలో తట్టు ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు కనిపించే యాంటీబాడీ) కనిపిస్తుంది. టీకా వేసిన తేదీ, దద్దుర్లు మొదలైన తేదీ రెండూ నమూనాతో వెళ్ళకపోతే లేని తట్టు ఉన్నట్టు లెక్కకు ఎక్కుతుంది, లేదా ఉన్న తట్టు టీకా ఖాతాలో కొట్టుకుపోతుంది. గొంతు నుంచి తీసిన నమూనాలో వైరస్ రకం తేల్చగలిగితే టీకా వైరస్‌ను ఊళ్ళో తిరిగే వైరస్ నుంచి విడదీయవచ్చు. 2026 నాటికి తట్టును, రుబెల్లాను దేశం నుంచి తొలగించాలని లక్ష్యం పెట్టుకున్న మనకు ఈ రెండు తేదీలూ రాయడం చిన్న పని కాదు.

రాయడం అనగానే సిబ్బంది భయం గురించి చెప్పాలి. ఏఈఎఫ్‌ఐ (టీకా తర్వాత కలిగే ఇబ్బంది) అన్న మాట వినబడితే ఏఎన్‌ఎంకు ముందు గుర్తొచ్చేది మెమో. టీకా తర్వాత ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా, ఒకే చోట కొందరికి ఒకేసారి ఇబ్బంది వచ్చినా 24 గంటల్లో పైకి తెలపాలన్నది నియమం. చిన్నవాటిని కూడా రిజిస్టరులో రాసి నెలవారీగా పంపాలి. కానీ రాసిన కేంద్రం మీద ప్రశ్నలు కురుస్తాయి, రాయని కేంద్రం మంచి కేంద్రమని పేరు తెచ్చుకుంటుంది. ఇది తలకిందులైన లెక్క. దద్దుర్లు సున్నా అని పంపే కేంద్రానికే ముందు వెళ్ళి చూడవలసిందిగా కోరుతున్నాను. విచారణ జరిగాక కూడా కారణం టీకా స్వభావమా, తయారీ లోపమా, వేయడంలో పొరపాటా, సూది భయమా, కాకతాళీయమా అని విడదీసే పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పరచినదే. వాటిలో ఒక్కదానికే ఏఎన్‌ఎం బాధ్యురాలు. ఆ ఒక్కటి కూడా తెలియవలసిందే. ఎంఆర్ పొడిని దాని నీటితో కలిపిన తర్వాత నాలుగు గంటలు దాటితే, లేదా ఆ పూట అయిపోతే, పారవేయాలి. దాచి వాడితే సీసాలో పెరిగిన క్రిముల విషంతో కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు, ఎక్కువ జ్వరం, ఒంటి నిండా ఎర్రదనం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ఒకే సీసా నుంచి వేయించుకున్న ఇద్దరు ముగ్గురు పిల్లలకు అదే రోజు ఒళ్ళు ఎర్రబడిందన్న వార్త, విడివిడి ఇళ్ళలోని కబుర్లుగా మిగిలిపోకుండా ఒక్క కాగితం మీదకు రావాలంటే, సీసా బ్యాచ్ నంబరు, కలిపిన సమయం, పిల్లల వివరాలు రాసే అలవాటు ముందునుంచీ ఉండాలి.

శిక్షణలో చూపించే బొమ్మల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. వాటిలోని పిల్లలు తెల్లగా ఉంటారు, దద్దురు గులాబీరంగులో మెరుస్తూ ఉంటుంది. మన పిల్లల చామనఛాయ మీద, నలుపు మీద అది ఎర్రగా కనబడదు. చుట్టూ ఉన్న రంగుకన్నా కొంచెం ముదురుగానో, గరుకుగానో, పక్క నుంచి వెలుతురు పడితే ఎత్తుగానో ఉంటుంది. కళ్ళతో కన్నా వేళ్ళతో ముందు తెలుస్తుంది. రక్తపు చుక్కలైతే అరచేతుల్లో, అరికాళ్ళలో, నోటి లోపల, కనురెప్ప లోపలి వైపు చూడాలి. "ఎర్రగా ఉందా" అని ఫోన్‌లో అడిగి, "లేదమ్మా" అన్న జవాబుతో ఊరుకోవడం మన దగ్గర పనికిరాదు. తల్లిదండ్రుల అనుమతితో, ముఖం కనబడకుండా, పగటి వెలుతురులో తీసిన మన జిల్లా పిల్లల ఫొటోలతో ఒక చిన్న పటాన్ని శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలోని చర్మ, పిల్లల వైద్య విభాగాలు తయారుచేసి ప్రతి ఆశాకు అందించగలవు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వైపు ఒడియాలోనూ, మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల్లో సవరలోనూ ఆ నాలుగు మాటలు చెప్పగలిగినవారు మన ఆశాల్లోనే ఉన్నారు. వారి చేతనే చెప్పించి రికార్డు చేసి ఫోన్లకు పంపితే అచ్చు ఖర్చు కూడా ఉండదు.

నేను కోరేదానికి కొత్త పోస్టులు అక్కరలేదు. పసిపిల్లల గృహ సందర్శన కార్యక్రమం కింద ఆశా కార్యకర్త మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల వయసులో బిడ్డ ఇంటికి వెళ్ళవలసి ఉంది. ఆ తొమ్మిదో నెల సందర్శనను తేదీ చూడకుండా చేసేబదులు, ఎంఆర్ పడిన తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్యకు జరపండి. ఒకే నడకలో రెండు పనులూ అవుతాయి. కన్నవారింటికి వెళ్ళిన తల్లులకు, గుజరాత్‌లోని వేరావల్‌కో చెన్నైకో పనికి కదిలిపోయిన కుటుంబాలకు ఫోన్ చేసి అడగమనండి. దద్దుర్లు ఉన్నాయంటే ఫొటో తెప్పించుకుని వైద్యాధికారికి చూపించమనండి. మత్స్యకార గ్రామాల్లో ఇది మరీ ముఖ్యం, రెండో డోసు నాటికి ఆ బిడ్డ గుజరాత్‌లో ఉండవచ్చు, అక్కడి నర్సుకు మన ఊళ్ళో ఏం జరిగిందో చెప్పేది చేతిలోని కార్డు ఒక్కటే.

ఆ కార్డులోనే నా ప్రధానమైన కోరిక ఉంది. దద్దుర్లు వచ్చిన ప్రతి బిడ్డ విషయంలోనూ వైద్యాధికారి స్వయంగా చూసి లేదా ఫొటో చూసి, మాతా శిశు సంరక్షణ కార్డులో టీకా తేదీ, దద్దుర్లు మొదలైన తేదీ, వాటి తీరు, తన అభిప్రాయం, తర్వాతి డోసు వేయవచ్చా లేదా అన్నది రాసి సంతకం చేయాలి. ఏడో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య వచ్చి తగ్గిపోయిన దద్దుర్లు రెండో డోసుకు ఏ విధంగానూ అడ్డు కావు, ఆ మాట అక్షరాలా అక్కడ ఉండాలి. ఒళ్ళంతా ఉబ్బి, ఊపిరాడక అడ్రినలిన్ వేయవలసి వచ్చిన బిడ్డకు అదే టీకా మళ్ళీ ఊళ్ళో వేయకూడదు, ఆ మాట కూడా అంతే స్పష్టంగా ఉండాలి. గంటల్లో దద్దుర్లు వచ్చి ఊపిరికి ఇబ్బంది లేకుండా తగ్గినవారిని పెద్దాసుపత్రిలో పిల్లల వైద్యుల ఎదుట, ఎక్కువ సేపు కూర్చోబెట్టి వేయించవచ్చునా అన్నది నిపుణులు తేల్చాలి, తేల్చినది రాయాలి. చుక్కలు వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గిన బిడ్డ సంగతీ అంతే. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, నిర్ణయం ఎవరూ తీసుకోకపోవడం వల్ల నిర్ణయం నాయనమ్మ తీసుకుంటోంది. టీకాలు నమోదుచేసే యూవిన్ పోర్టల్‌లో డోసు తేదీ ఎలాగూ ఎక్కుతోంది కనుక, దాని పక్కన ఈ సంగతి కూడా కనిపించే వీలు కల్పించమని రాష్ట్రానికి మీరు రాయవచ్చు.

శ్రీకాకుళం, టెక్కలి, పలాస పట్టణాల్లో ప్రైవేటుగా టీకాలు వేసే పిల్లల డాక్టర్లకు కూడా ఈ లేఖ చేరాలని ఆశిస్తున్నాను. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, వారి దగ్గరే పడుతుంది. దాని తర్వాత నూటికి ముగ్గురు నుంచి అయిదుగురికి, నెలలోపు, సూది వేసిన చోటో ఒంటిమీద అక్కడక్కడో కొద్దిపాటి పొక్కులు లేస్తాయి. ఆ పిల్లలు మళ్ళీ మన ఆశాల గడపలోనే కనబడతారు. ఆ డాక్టర్లు తాము వేసిన టీకా తర్వాత ఏం వచ్చినా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి తెలపవచ్చు. మందుల వల్లగాని టీకాల వల్లగాని వచ్చిన ఇబ్బందిని తల్లిదండ్రులు నేరుగా తెలుపుకోవడానికి దేశవ్యాప్త ఉచిత నంబరు 1800-180-3024 ఉంది. దాన్ని ప్రతి టీకా కేంద్రం గోడ మీద రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.

వచ్చే నెల ఆశా కార్యకర్తల సమావేశాల్లో ఈ విషయానికి ఒక అరగంట కేటాయించవలసిందిగా కోరుతున్నాను. అనుమతిస్తే టెక్కలి డివిజన్‌లోని సమావేశాలకు నేను సొంత ఖర్చుతో వచ్చి మాట్లాడతాను. తొమ్మిదో నెల సందర్శనను ఎంఆర్ తేదీకి ముడిపెట్టే విషయంలో మాత్రం ఆదేశం మీ దగ్గర నుంచే రావాలి, అది లేకుండా ఏ పర్యవేక్షకురాలూ తేదీలు మార్చలేదు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
టెక్కలి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా